ఉత్తరపు సందులో ఫెర్న్ మొక్కలు

మా ఆయన నోట "వచ్చే ఏడు" అన్న మాట విని అప్పటికి ఏడాది దాటింది.

మిగతా ఇళ్ళలో ఈ మాటకు ఏం విలువ ఉంటుందో నాకు తెలియదు. మా ఇంట్లో ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం ఆ మాట మీదే నడిచింది. మాది మార్టూరుకు దగ్గరలో ఓ ఊరు. నల్లరేగడి పొలం, ఓ ఏడు పత్తి, ఓ ఏడు మిరప. పత్తికి పురుగు పట్టినా, కల్లంలో ఆరబోసిన కాయల మీద వాన పడినా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చునేవాడు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని "వచ్చే ఏడు ఆ దక్షిణప్పొలంలో..." అని మొదలుపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది. "ముందు ఈ ఏడు సంగతి చూడండి మహానుభావా" అనేదాన్ని. ఆ మాట వినపడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు అప్పుడేం తెలుసు?

మిరపకాయలు ఆరబెట్టే రోజుల్లో ఆయనకు వడదెబ్బ తగిలింది. మొదటిసారి మజ్జిగ తాగి లేచి మళ్ళీ కల్లంలోకే పోయాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. వారం తిరక్కుండా రెండోసారి పడ్డాడు, ఈసారి కాయల మీదే. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు గారు మొహమాటం లేని మనిషి. "పొద్దున ఎనిమిది దాటాక, సాయంత్రం అయిదు లోపల ఎండలోకి వెళ్ళొద్దండి. ఇంకోసారి పడితే నేను లేపలేను" అని ఆయన మొహం మీదే చెప్పేశాడు. పొలం కౌలుకిచ్చేశాం.

అప్పట్నుంచీ ఆయన హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చునే ఉన్నాడు. టీవీ నడుస్తూ ఉంటుంది, ఆయన చూడడు. కాఫీ ఇస్తే తాగుతాడు, అన్నం పెడితే తింటాడు, ఇంకో ముద్ద వేయనా అంటే వద్దంటాడు. ఒక రోజు నన్ను గదిలోకి పిలిచి బీరువా తలుపు తీశాడు. "ఇదిగో, పాసుపుస్తకం ఇక్కడుంది. సర్వే కాగితాలు ఈ కవర్లో ఉన్నాయి. నీక్కూడా తెలిసుండాలి గదా" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఈ మనిషి వచ్చే ఏడు తాను ఉండననే లెక్కలో ఉన్నాడని అప్పుడు అర్థమైంది. ఆ రోజు పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు. ఆయన మాత్రం మాట్లాడకుండా తినేశాడు. ఉప్పు తక్కువైతే కంచం పక్కకు నెట్టే మనిషి!

ఆ మర్నాడే సందు మీద నా కన్ను పడింది. ఇంటికి ఉత్తరాన, మా గోడకూ ప్రహరీకీ మధ్య ఆరడుగుల సందు ఉంది. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ వేశాక అక్కడ ఎండ పొడ కూడా పడదు. వడియాలు పెట్టుకునే చోటు పోయిందని పక్కింటావిడతో నేను రెండు నెలలు మాట్లాడలేదు, అంత మంట నాకు. అందులో పాత ఇటుకల గుట్ట, విరిగిన మంచం పట్టెలు, ఎన్ని వాషర్లు మార్చినా కారే ఒక కుళాయి ఉన్నాయి. వంటింటి కిటికీలోంచి ఆ సందును చూస్తూ గిన్నెలు తోముతుంటే తట్టింది. మనిషి ఎండలోకి వెళ్ళకూడదు గానీ, నీడలో పెరిగే మొక్కలు లేకపోలేదు గదా! ఆయన చేతికి ఒక మొక్క అందిస్తే చాలు, ఆ తర్వాత సంగతి ఆ చెయ్యే చూసుకుంటుందని నా నమ్మకం.

వడదెబ్బ తగిలిన మరుసటి ఏడు, ఉగాది వెళ్ళాక చిలకలూరిపేట రోడ్డు మీదున్న నర్సరీకి బస్సెక్కి వెళ్ళాను. చామంతి అడిగాను, గులాబీ అడిగాను, కనకాంబరం అడిగాను. నర్సరీ ఆయన నవ్వాడు.

"ఎండ పడని చోట పూలమొక్క పెడితే అది మిమ్మల్ని తిట్టుకుంటదమ్మా. నీడకి ఆకు మొక్కలే. ఫెర్న్‌లు పెట్టండి."

షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. నా జన్మలో ఆకు కోసం మొక్క కొన్నది లేదు, తమలపాకు తప్ప. కానీ ఆ నీడలో, తడి నేల మీద, ఆ పచ్చదనం చూస్తే నాకు కాళ్ళు కదల్లేదు. నల్లటి సన్నని కాడలకు చిన్న చిన్న ఆకులతో ఒకటి ఉంది, గాలి ఊదితే చాలు వణుకుతోంది. ఎంత ముద్దుగా ఉందో! "అది మీ ఎండలకి ఆగదమ్మా, ఆకు మరీ పల్చన" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను వింటేనా? రెండు కుండీలు కొన్నాను. గుబురుగా కిందికి వేలాడే బోస్టన్ ఫెర్న్ ఒకటి కొన్నాను. మూడోది వుడ్ ఫెర్న్ అని చూపించాడు, అడవుల్లో చెట్ల కింద పెరుగుతుందట. పక్షి ఈకలా రెండు పక్కలా ఆకులు చీలి, మోచేయంత పొడుగున ఉంది. దాన్ని చూసి నేను పకపకా నవ్వాను.

"ఇది మా పుట్టింటి కాలవ గట్టు మీద ఉండే మొక్కండీ!"

నిజమే. మా పుట్టిల్లు పొన్నూరు వైపు. మా ఇంటి వెనక కాలవకు కట్టిన ఇటుకల రేవు ఉండేది, ఆ ఇటుకల సందుల్లో ఇదే మొక్క. మేము దాన్ని పట్టించుకున్నదే లేదు, బట్టలుతుకుతూ దాని మీదే సబ్బు నురగ పోసేవాళ్ళం.

"అయితే ఇక్కడ కొనకండమ్మా, అక్కడిదే తెచ్చుకోండి. ఇక్కడి గాలికి అలవాటు పడ్డది గదా, బతుకుతది" అన్నాడు నర్సరీ ఆయన. వస్తుంటే వెనక నుంచి ఇంకో మాట కూడా చెప్పాడు. "ఆకు వెనక గోధుమరంగు చుక్కలొస్తే కంగారు పడకండి. వీటికి పువ్వుండదు గదా, ఆ చుక్కలే వీటి విత్తనం." ఊఁ అంటూ ఆటో ఎక్కేశాను. ఆ మాట ఇంటికొచ్చి ఆయన చెవిన వేసి ఉంటే ఈ కథే లేదు. వేయలేదు. మొక్కల సంగతి ఆ మనిషికి నేను చెప్పడమేమిటని అనుకున్నాను.

కుండీలు దించుతుంటే కుర్చీలోంచే చూశాడు.

"ఏందే అయ్యి?"

"ఫెర్న్‌లు."

"పువ్వు పూస్తదా?"

"పూయదు."

"కాయ?"

"కాయదు."

"మరి ఎందుకంట? పప్పులో వేస్తావా?"

ఏడాదిలో ఆయన అన్న మొదటి వెటకారం అది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పైకి మాత్రం "మీకు వండి పెట్టడానికి కాదులెండి" అన్నాను.

నల్లకాడల ముద్దుల మొక్కలు రోహిణీ కార్తె చూడనే లేదు. వడగాడ్పు నాలుగు రోజులు కొట్టేసరికి ఎండ పడకపోయినా ఆ గాలికే మాడి, చేత్తో ముట్టుకుంటే పొడైపోయాయి. బోస్టన్ చివర్లు ఎండినా నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు, మన ప్రాంతంలో ఫెర్న్ ఎంచుకోవాలంటే కంటికి నచ్చడం కాదు, ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని చూడాలని. కాస్త మందంగా, సన్నటి నూగుతో ఉంటే మన గాలికి తట్టుకుంటుంది. నీళ్ళలా జారేంత పల్చగా ఉంటే దణ్ణం పెట్టి రావడమే.

తొలకరి పడగానే పుట్టింటికి వెళ్ళాను. మా వదిన నేను సంచీతో, చాకుతో కాలవ రేవుకు వెళ్తుంటే "ఏం పోయేకాలం వదినా నీకు, గడ్డి పీక్కెళ్ళడానికా ఇంత దూరం వచ్చావు?" అని నవ్వీ నవ్వీ కూలబడింది. ఇటుకలు కదిలించి, వేళ్ళు తెగకుండా ఎనిమిది మొదళ్ళు తీసి, తడి గోనెలో చుట్టి తెచ్చుకున్నాను.

సందులో ఒక పక్క మడి కట్టించి, అంచులుగా మార్టూరు పాలిషింగు ఫ్యాక్టరీల దగ్గర పారేసే గ్రానైటు ముక్కలు తెచ్చి పెట్టించాను. మట్టి ఏం పోయాలి? మట్టంటే నాకు తెలిసింది మా పొలం మట్టే. ట్రాక్టరు మీద రేగడి తెప్పించి సందులో పోయిస్తుంటే, కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. చూస్తే మా ఆయన సందు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"ఎవరు పొయ్యమన్నారే రేగడి?"

"మన పొలందేనండీ."

"పొలందైతే? నీళ్ళు పడితే బంకవుతది, ఎండితే బీటలిస్తది. ఇటుక సందుల్లో బతికినదాన్ని తెచ్చి ఇందులో పెడితే ఊపిరాడక చస్తది. తియ్యి ఇదంతా!"

తీయించాడు. పక్కనే కూర్చుని ఇసుక, చివికిన ఆకుల ఎరువు, ఇటుక ముక్కల పొడి, అందులో రేగడి ఒకే ఒక్క వంతు కలిపించాడు. కలిపిన మట్టిని గుప్పిట పట్టి నొక్కి, విప్పి, అది పొడిపొడిగా రాలాక "ఆఁ, ఇప్పుడు పెట్టు" అన్నాడు. అన్నాక మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పూట గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు.

వానలకు మొక్కలు విచ్చుకున్నాయి. ముందు పురిలా చుట్టుకున్న చిగురు మెల్లగా విప్పుకుంటూ లేచేది. కొన్నాళ్ళకు పొద్దున్నే కాఫీ తాగాక మా ఆయన కనపడడం మానేశాడు. కిటికీలోంచి చూస్తే సందులో ఉండేవాడు. మొక్క ముందు గొంతుక్కూర్చుని ఆకును రెండు వేళ్ళతో వెనక్కి తిప్పి చూసేవాడు. ఇది ఆయన ఒక్కడి అలవాటు కాదు, మిరప వేసే ఎవరి అలవాటైనా అదే. తామర పురుగు, నల్లి, తెల్లదోమ, అన్నీ ఆకు అడుగునే కాపురం పెడతాయి. పెళ్ళిలో మండపానికి కట్టిన మామిడాకును కూడా మా ఊరి మగవాళ్ళు తిప్పి చూడందే ఊరుకోరు. నేను కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. పలకరిస్తే ఎక్కడ లేచి కుర్చీలోకి పోతాడోనని భయం.

భాద్రపదంలో మా వదిన మనవడి అన్నప్రాసన అంటే రెండు రోజులు పొన్నూరు వెళ్ళాను. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే సందులోకి చూశాను. మడిలో మొక్కల్లేవు. నిజానికి మొదళ్ళున్నాయి, చిన్న చిగుళ్ళున్నాయి, మోచేతి పొడుగు ఆకు ఒక్కటంటే ఒక్కటి లేదు. కోసినవన్నీ ఒక గోనె మీద కుప్పగా వేసి ఇటుకల గుట్ట మీద పెట్టి ఉన్నాయి. సందంతా వేపనూనె వాసన. మా ఆయన మందు కొట్టే చేతిపంపు పట్టుకుని, చొక్కా తడిసి, రొప్పుతూ నిలబడి ఉన్నాడు. కళ్ళలో ఎన్నాళ్ళుగానో చూడని వెలుగు.

"సమయానికి చూశా గనక సరిపోయింది. ప్రతి ఆకు వెనకా పొక్కులే! వరసలు వరసలుగా పట్టేసింది. ఒక్కటి ఉంచినా మొత్తం పోయేది. కోసి పడేసి మందు కొట్టా. ఆ ఆకులు తగలెయ్యాలి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది.

"అయ్యో నా ఖర్మా! అవి తెగులు కాదండీ, అవి దాని విత్తనాలు! నర్సరీ ఆయన చెప్పనే చెప్పాడు! పచ్చగా పెరిగిన మొక్కల్ని నరికేశారే! మీకు ఆకంటే పురుగే, మొక్కంటే తెగులే. నల్ల తామర వచ్చిన ఏడు అంతే, ఇప్పుడూ అంతే!"

అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మిరప పూతంతా మాడిపోతుంటే ఈ మనిషి ఒంటి మీద తెలివి లేకుండా తెల్లారినప్పట్నుంచీ మందు కొట్టాడు. ఎకరాలకు ఎకరాలు దున్నేయాల్సొచ్చింది. ముందే చూసి ఉంటే, మొదటి నాలుగు మొక్కలు అప్పుడే పీకి ఉంటే అని దాని గురించి ఎన్నిసార్లు కుమిలాడో నాకు తెలుసు. ఈసారి ముందే చూశానని ఎంత సంబరపడ్డాడో కూడా నా కళ్ళ ముందే ఉంది. తెలిసి తెలిసి అక్కడే గిచ్చాను.

ఆయన పంపు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. నేను పండుమిరప పచ్చడి నూరాను, ఆయనకిష్టమైన పులుసు పెట్టాను. తిన్నాడు. "నాదే తప్పండీ, ముందే చెప్పాల్సింది" అన్నాను. "నీ తప్పేముందే. నాకే తెలియదు" అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఈ మనిషి తనకు తెలియదని చెప్పగా వినడం అదే మొదలు. దానికి బదులు నన్ను నాలుగు తిట్టినా నాకు హాయిగా ఉండేది. ఒక రోజు మళ్ళీ బీరువా తలుపు చప్పుడైంది. నేను వంటింట్లోంచి కదల్లేదు, కావాలనే.

కోసిన ఆకుల్ని ఎవరూ తగలెయ్యలేదు. తగలెయ్యాలంటే వాకిట్లో ఎండలోకి మోసుకెళ్ళాలి, ఆయన వెళ్ళకూడదు, నాకు మనసు రాలేదు. అవి కారే కుళాయి పక్కన, ఇటుకల మీదే ఎండిపోయాయి. కార్తీకంలో ఎప్పుడో ఆ గోనె తీసి ఎత్తిపోస్తే పసుపు దులిపినట్టు గోధుమరంగు పొడి లేచింది. తుమ్ముకుంటూ ఊరుకున్నాను.

మార్గశిరంలో ఒక పొద్దున్న చూస్తే ఆ ఇటుకలన్నీ పచ్చగా పాకుడు పట్టి ఉన్నాయి. ఎవరైనా అడుగు పెడితే జారి పడతారు. బ్లీచింగు పొడి డబ్బా, పొరక పట్టుకుని వెళ్ళి బరబరా తోమడం మొదలుపెట్టాను. ఒక ఇటుక తోమానో లేదో, హాల్లోంచి కేక.

"ఆపు! చెయ్యి తియ్యి!"

ఆయన గొంతు అంత పెద్దగా విని ఎన్నాళ్ళయిందో. పొరక కింద పడేశాను. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

"రాత్రి నీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వచ్చినప్పుడు ఇటుకల మీద ఏదో చూసినట్టే అనిపించింది. అనుమానంగా ఉంది" అంటూ ఇటుకల ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళజోడు పైకి కిందికి జరిపాడు. మొహం ఇటుకకు ఆనేటంత దగ్గరగా పెట్టాడు.

"పాకుడు కాదే ఇది."

"మరేంటి?"

"నారు."

నేనూ వంగి చూశాను. ముందు నాకేమీ కనపడలేదు. ఆయన చిటికెన వేలు గోటితో చూపించాక కనపడింది. ఆ పచ్చటి పొర మీద, నువ్వుగింజలో సగం ఉంటుందేమో, ఒక ఆకు. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. ఇటుక ఇటుకంతా.

"నారు పోసిన కళ్ళకు ఇది తెలియదా" అన్నాడు, నాతో కాదు, తనలోనే. చాలాసేపు అలాగే చూసి, "ఎవరు జల్లారే విత్తనం?" అన్నాడు.

"మీరే."

తలెత్తి నా వంక చూశాడు.

"మీరు కోసిన ఆకుల్ని ఇక్కడే గదా పెట్టారు. ఆ చుక్కలు ఎండి రాలాయి."

ఆయన కోసిన మొదళ్ళ వంక, ఇటుకల వంక మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత దగ్గు వచ్చింది, ఆ తర్వాత కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు.

"పండింది కోశా, ఎండబెట్టా, గింజ రాలింది. మిరపకి చేసిందే గదే దీనికీ చేశా! నలభై ఏళ్ళ నుంచీ చేస్తందే గదా!"

"చేశారు స్వామీ, తమరే చేశారు. తెలియకుండా చేశారు, అంతే తేడా."

"తెలియకుండా ఎట్టాగైతది? ఈ చేతికి తెలుసు" అని ఆ చెయ్యి నా ముందు ఆడించాడు. గొప్పలు మొదలయ్యాయి! నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ పూట నన్ను కాలు నిలవనివ్వలేదు. కారే కుళాయిని బాగు చేయించొద్దన్నాడు. నా పాత చీర అడిగి, మిరప నారుమడికి కట్టినట్టే నాలుగు పుల్లలు గుచ్చి ఇటుకల మీద పందిరి వేశాడు. నేను తోమిన ఒక్క ఇటుకను చూసి "నా అరెకరం నారు పోగొట్టావు గదే" అని సాయంత్రం దాకా సాధించాడు. నేను ఆనందంగా పడ్డాను.

సాయంత్రం కాఫీ సందులోకే తెచ్చిచ్చాను. బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఇటుకల వంక చూస్తున్నాడు.

"ఇప్పుడు ముట్టుకోకూడదు. వేరు పట్టాలి. వేసవి ఈ పందిరి కిందే గడవాలి" అన్నాడు. ఓ గుటక తాగాడు. ప్రహరీని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "వచ్చే ఏడు తొలకరికి ఆ గోడ పొడుగూతా నాటుదాం."

ఈ మాట మీద ఏమైనా అంటే ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని, ఎప్పటిలాగే విసుక్కున్నాను.

"ఆఁ, గోడంతా నాటితే సరా? అన్నిటికి నీళ్ళు ఎవరు పోస్తారంట?"

"నేను గాక ఇంకెవరు పోస్తారే?" అని కసిరాడు మా ఆయన.